రెండు లెక్కలు, ఒకే రంగు: జంట చలరాశుల పటాలలో సూచికకు పేర్లు పెట్టే తీరు

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో తెలుగువారు ఎందరు ఉన్నారు, ఏ పేటల్లో ఉన్నారు అన్న ప్రశ్నకు ఒక పాలనాపరమైన బరువు ఉన్నది. ఆ రాష్ట్ర భాషా విధానంలో 10 శాతం అనే గీత 2012 నుంచి అమలులో ఉన్నది. ఒక ప్రాంతపు జనాభాలో ఒక భాష మాట్లాడేవారు ఆ గీతను దాటితే, అక్కడి అధికార వ్యవహారాలలో ఆ భాషకు చోటు దక్కే అవకాశం ఏర్పడుతుంది. ఉర్దూ, హిందీ, ఒడియా, సంతాలీ వంటి భాషలకు ఆ విధంగానే స్థానం లభించింది. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు కూడా అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలాకాలంగా కోరుతూ వచ్చినది అదే.

ఇటువంటి లెక్కలను ప్రజల ముందు పెట్టవలసి వచ్చినప్పుడు పట్టిక కన్నా పటం త్వరగా మనసుకు ఎక్కుతుంది. ఒక్క లెక్కను మాత్రమే చూపే పటం సులువైనది: రంగు ముదిరితే అంకె పెరిగినట్లు. అయితే పాలనలో ప్రశ్నలు తరచుగా జంటగా వస్తాయి. తెలుగు మాట్లాడేవారి శాతం ఎక్కువగా ఉన్నచోట అక్షరాస్యత ఎంత? వలస ఎక్కువగా ఉన్న జిల్లాలో స్త్రీ పురుషుల నిష్పత్తి ఎలా ఉన్నది? రెండు లెక్కలను ఒకే పటంలో, ఒకే రంగుగా చూపే పద్ధతిని జంట చలరాశుల రంగుల పటం అంటారు. అది అందమైనదే గాని, పక్కనున్న సూచిక పెట్టెలోని నాలుగైదు మాటలు సరిగా లేకపోతే చూపరికి మిగిలేది రంగుల గళ్ళ దుప్పటి మాత్రమే.

తొమ్మిది గళ్ళ చదరం

ఈ పటం తయారయ్యే తీరు కష్టమైనది కాదు. మొదటి లెక్కను తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు తరగతులుగా విడదీస్తారు. రెండవ లెక్కనూ అలాగే విడదీస్తారు. మూడు మూళ్ళు తొమ్మిది. అడ్డంగా ఒక లెక్క, నిలువుగా మరొక లెక్క పెట్టి గీసిన తొమ్మిది గళ్ళ చదరమే ఈ పటానికి సూచిక. బహుళ ప్రచారంలో ఉన్న ఒక రంగుల వరుసలో రెండూ తక్కువగా ఉన్న గడి లేత బూడిద రంగులో ఉంటుంది. ఒక వైపు పోతే గులాబీ, మరొక వైపు పోతే నీలి ఆకుపచ్చ; రెండూ ఎక్కువగా ఉన్న మూలలో ముదురు నీలం. పటంలోని ప్రతి జిల్లా, లేదా ప్రతి వార్డు, ఈ తొమ్మిదింటిలో ఒక రంగును ధరిస్తుంది.

రైల్వే పట్టణంలో ఇటువంటి చదరం కొత్తది కాదని చెప్పవచ్చు. రైళ్ళ రాకపోకలను నియంత్రించే కార్యాలయాలలో వాడే చార్టు కూడా రెండు చలరాశులదే: ఒక అక్షం మీద కాలం, మరొక అక్షం మీద స్టేషన్ల పేర్లు, వాటి మధ్య ఏటవాలు గీతలుగా రైళ్ళు. గీత నిటారుగా ఉంటే బండి వేగంగా పోతున్నదని, సమతలంగా ఉంటే స్టేషనులో నిలిచి ఉన్నదని చూడగానే తెలుస్తుంది. ఆ చార్టును చదవగలగడానికి కారణం గీతల నైపుణ్యం కాదు. అంచు మీద గంటలు, నిమిషాలు, స్టేషన్ల పేర్లు పొరపాటుకు తావు లేకుండా రాసి ఉంటాయి. రంగుల పటంలో ఆ అంచు పటం మీద ఉండదు, పక్కనున్న చిన్న పెట్టెలోకి పోతుంది. కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

పాత చర్చ

ఈ కష్టం యాభై ఏళ్ళ నాటిది. 1970 దశకంలో అమెరికా జనగణన సంస్థ రెండు లెక్కలను కలిపి పదహారు రంగులతో పటాలు అచ్చు వేసింది. రెండు వైపులా నాలుగేసి తరగతులు కనుక పదహారు గళ్ళు. ఆ పటాలు ఎందరినో ఆకర్షించాయి, అంతకన్నా ఎక్కువమందిని తికమక పెట్టాయి. 1980లో హోవార్డ్ వైనర్, కార్ల్ ఫ్రాంకొలీనీ అనే పరిశోధకులు అమెరికన్ స్టాటిస్టీషియన్ పత్రికలో, ఇటువంటి రంగుల పటాలను మనుషులు ఏమేరకు అర్థం చేసుకోగలుగుతున్నారో ప్రయోగపూర్వకంగా పరిశీలించి, విమర్శనాత్మకమైన వ్యాసం ప్రచురించారు. మరుసటి సంవత్సరం పటశాస్త్రజ్ఞురాలు జూడీ ఓల్సన్ తన పరిశోధనలో కొంత ఆశాజనకమైన సంగతి చెప్పారు: సూచిక స్పష్టంగా ఉండి, తగిన వివరణ తోడైతే పాఠకులు ఈ పటాలను ఉపయోగించుకోగలరు. ఆ ఏడే బ్రూస్ ట్రంబో ఇటువంటి పటాలకు రంగులు ఎంచుకొనే సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు.

ఆ తర్వాత చాలాకాలం ఈ పద్ధతి నిపుణుల గదులకే పరిమితమై ఉండిపోయింది. ఇటీవలి పదేళ్ళలో పటాల సాఫ్ట్‌వేర్ దానిని మళ్ళీ అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2015లో జాషువా స్టీవెన్స్ రాసిన మార్గదర్శి, ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌లో ఈ పటాన్ని ఎలా తయారు చేయవచ్చునో వివరించి బాగా వ్యాపించింది. ఇప్పుడు క్యూజీఐఎస్‌కు యాన్ సాహా రూపొందించిన ప్రత్యేక ప్లగిన్ ఉన్నది. ఆర్క్‌జీఐఎస్ ప్రోలో ఈ పద్ధతి అంతర్భాగంగానే ఉన్నది. ఆర్ భాషలో క్రిస్టఫర్ ప్రెనర్ తయారుచేసిన బైస్కేల్ అనే ప్యాకేజీ ఉన్నది. నాలుగు నొక్కులతో పటం సిద్ధమవుతుంది. సూచికలోని మాటలను మాత్రం యంత్రం ఆలోచించి పెట్టదు. తన దగ్గర ఉన్న మాటనే తెచ్చి అతికిస్తుంది.

పట్టికలోని పేరు పాఠకుడి పేరు కాదు

సాధారణంగా జరిగే మొదటి పొరపాటు ఇక్కడిదే. భారత జనగణన ప్రాథమిక సారాంశ పట్టికలలో నిలువు వరుసలకు పొట్టి పేర్లు ఉంటాయి. మొత్తం జనాభాకు టాట్_పి అని, అక్షరాస్యులకు పి_లిట్ అని. సాఫ్ట్‌వేర్‌కు ఆ పట్టిక ఇచ్చి పటం గీయమంటే సూచిక అంచున అవే మాటలు ప్రత్యక్షమవుతాయి. పాఠకుడికి అవి అర్థం కావన్నది ఒక ఇబ్బంది. పి_లిట్ అన్నది అక్షరాస్యుల శాతం కాదు, అక్షరాస్యుల సంఖ్య. ఇది అంతకన్నా పెద్ద ఇబ్బంది. దానిని నేరుగా పటంలో పెడితే జనం ఎక్కువగా ఉన్న వార్డు, చదువు ఎక్కువగా ఉన్న వార్డులాగా కనిపిస్తుంది. సూచికలో ‘అక్షరాస్యత’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఆ తప్పు ఎవరి కంటా పడదు. ‘అక్షరాస్యులు, 7 ఏళ్ళు, ఆపై వయసువారిలో శాతం’ అని రాయడానికి పూనుకొన్నవారికి మాత్రం తమ చేతిలో ఉన్నది శాతమా, సంఖ్యా అన్న అనుమానం తప్పక వస్తుంది. మంచి పేరు పాఠకుడికన్నా ముందు పటకారుడికే ఉపకరిస్తుంది.

భారత జనగణనలో అక్షరాస్యతను 7 ఏళ్ళు, ఆపై వయసు ఉన్నవారిలోనే లెక్కిస్తారు. స్త్రీ పురుష నిష్పత్తిని ప్రతి 1000 మంది పురుషులకు ఎందరు స్త్రీలు అన్న రూపంలో చెబుతారు. కొన్ని దేశాలలో ఇదే నిష్పత్తిని తలకిందులుగా, స్త్రీలకు ఎందరు పురుషులు అని చెప్పే అలవాటు ఉన్నది. కాబట్టి ‘లింగ నిష్పత్తి’ అన్న రెండు మాటలు అక్షం పేరుగా చాలవు. ‘ప్రతి 1000 మంది పురుషులకు స్త్రీలు’ అని రాస్తే, పెరగడం అంటే ఏమి పెరగడమో ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం దాకా

ఖరగ్‌పూర్‌కు తెలుగువారు రైలు మార్గం వెంబడే చేరారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1902లో తూర్పు తీరపు మార్గంలోని ఉత్తర భాగాన్ని తనలో కలుపుకొన్నది. ఆ విధంగా ఉత్తరాంధ్ర జిల్లాలు, ఖరగ్‌పూర్ జంక్షను, అక్కడి పెద్ద రైల్వే వర్క్‌షాపు ఒకే సంస్థ చేతిలోకి వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనివారు తరలివచ్చి నీంపురా, మధురాకాటి వంటి రైల్వే పేటల్లో స్థిరపడ్డారు. ఈ రెండు చివరలను ఒకే పటంలో పెట్టి చూస్తే సూచిక మాటల బరువు బాగా తెలుస్తుంది.

2011 జనగణన అంకెలను పూర్ణాంకాలకు సవరించి చెప్పాలంటే: శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యత 62 శాతం, ప్రతి 1000 మంది పురుషులకు స్త్రీలు 1015. విజయనగరంలో 59 శాతం, 1019. కృష్ణా జిల్లాలో 74 శాతం, 992. హైదరాబాదులో 83 శాతం, 954. ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో 78 శాతం, 966. అక్షరాస్యతకు 65, 75 అనీ, స్త్రీల సంఖ్యకు 970, 1000 అనీ హద్దులు పెట్టుకొంటే, శ్రీకాకుళం, విజయనగరం ఒక మూల గడిలో పడతాయి: అక్షరాస్యత తక్కువ, స్త్రీల సంఖ్య ఎక్కువ. హైదరాబాదు, పశ్చిమ మేదినీపూర్ సరిగ్గా దానికి ఎదురు మూలన పడతాయి. కృష్ణా జిల్లా నట్టనడుమ గడిలో కూర్చుంటుంది.

ఇప్పుడు నిలువు అక్షం మీద ‘స్త్రీల స్థితి: మెరుగు’ అని ఎవరైనా రాశారనుకొందాం. పటం చూసినవారు, చదువు తక్కువగా ఉన్న జిల్లాల్లోనే ఆడపిల్లలకు ఆదరణ ఎక్కువ కాబోలు అని సంబరపడే ప్రమాదం ఉన్నది. శ్రీకాకుళంలో స్త్రీల సంఖ్య ఎక్కువగా కనిపించడానికి ఒక ముఖ్య కారణం మగవారు పనికోసం ఊరు విడిచిపోవడమే. ఒకప్పుడు రంగూనుకు, తర్వాత ఖరగ్‌పూర్‌కు, కలకత్తాకు, ఇంకా దూరపు నగరాలకు. పటం ఆ ఖాళీని చూపుతున్నది. ‘మెరుగు’ అన్న ఒక్క మాట దానిని దాచిపెట్టి వేరే కథ చెబుతుంది. అక్షం పేరులో కొలిచిన దానిని మాత్రమే చెప్పాలి, దాని మీద తీర్పు చెప్పకూడదు. తీర్పు కావాలంటే పటం కింద రెండు వాక్యాలు రాసుకోవచ్చు. అక్కడ వాదించడానికి ఇతరులకు కూడా చోటు ఉంటుంది.

‘ఎక్కువ’ అంటే ఎంత?

సాఫ్ట్‌వేర్ తనంతట తాను హద్దులు నిర్ణయించేటప్పుడు తరచుగా వాడే పద్ధతి, ఉన్న ప్రాంతాలను సమసంఖ్యలో మూడు గుంపులు చేయడం. అడుగున మూడోవంతు ‘తక్కువ’, పైన మూడోవంతు ‘ఎక్కువ’. రంగులు పటం నిండా చక్కగా పంచబడతాయి కనుక ఇది చూడటానికి బాగుంటుంది. అయితే ఈ పద్ధతిలో ‘తక్కువ’ అన్న మాటకు సొంత విలువ ఉండదు. 2011లో కేరళలోని అన్ని జిల్లాల అక్షరాస్యత 88 శాతానికి పైనే ఉన్నది. కేరళ పటంలో ‘తక్కువ’ అని రంగు పడిన జిల్లా, ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పటంలో ‘ఎక్కువ’ అనిపించుకొన్న హైదరాబాదు కన్నా ముందున్నది. రెండు పటాలను పక్కపక్కన పెట్టినవారు సూచికలో అంకెలు లేకపోతే మోసపోతారు.

కాబట్టి తొమ్మిది గళ్ళ చదరం అంచున గీత గీతకూ హద్దు అంకె రాయడం మంచి పద్ధతి. చాలా పటాలలో ఇది లోపిస్తుంది. రెండు బాణాలు, ‘తక్కువ’, ‘ఎక్కువ’ అన్న మాటలతో సరిపెడతారు. చోటు చాలదన్నది సాధారణంగా చెప్పే సాకు. మూడు తరగతులకు కావలసినది ఒక్కొక్క అక్షం మీద రెండు అంకెలే. వాటిని గడుల మధ్య గీతకు ఎదురుగా పెట్టాలి, గడికి ఎదురుగా కాదు. గడికి ఎదురుగా 65 అని ఉంటే ఆ గడిలోని అన్ని జిల్లాలూ 65 దగ్గరే ఉన్నాయని పాఠకుడు అనుకొంటాడు.

ఖరగ్‌పూర్ తెలుగువారి విషయంలో ఈ అంకె మరింత కీలకం. భాష మాట్లాడేవారి శాతాన్ని చూపే పటంలో యంత్రం సమసంఖ్యా విభజన చేసి 4, 13 అని హద్దులు పెట్టిందనుకొందాం. 6 శాతం ఉన్న ప్రాంతం, 12 శాతం ఉన్న ప్రాంతం రెండూ ‘మధ్యస్థం’ అనే ఒకే రంగులో కలిసిపోతాయి. 10 శాతం గీతకు ఒకటి ఇవతల, మరొకటి అవతల ఉన్న సంగతి పటంలో మాయమవుతుంది. పాలనలో ఒక గీతకు అర్థం ఉన్నప్పుడు ఆ గీతనే తరగతి హద్దుగా పెట్టుకోవడం, దానిని సూచికలో పేరు పెట్టి చెప్పడం తప్పనిసరి. ‘10 శాతం మించి’ అనీ, ‘10 శాతం వరకు’ అనీ రాస్తే సరిగ్గా 10 ఉన్న ప్రాంతం ఎటు చేరుతుందో కూడా తేలిపోతుంది. ‘5–10’, ‘10–15’ అని రాస్తే ఆ ప్రాంతం రెండు చోట్లా ఉన్నట్లు, ఎక్కడా లేనట్లు అవుతుంది.

లేని అంకెకు రంగు వేయరాదు

ఖరగ్‌పూర్ మునిసిపాలిటీలో 35 వార్డులు ఉన్నాయి. జనగణన ప్రాథమిక సారాంశం వార్డు స్థాయి వరకు జనాభా, అక్షరాస్యత, పనివారి వివరాలు ఇస్తుంది. మాతృభాష వివరాలు అంత లోతుకు ప్రచురితం కావు. అంటే వార్డువారీగా అక్షరాస్యత పటం గీయవచ్చు, భాషతో జత చేసిన పటం అధికారిక అంకెలతో గీయడం వీలు కాదు. పట్టణం మొత్తానికి ఉన్న భాషా శాతాన్ని అన్ని వార్డులకూ సమానంగా పంచి రంగు వేయడానికి సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు. అప్పుడు నీంపురా, గోల్‌బజార్, ఇందా అన్నింటిలో తెలుగువారు ఒకే పాళ్ళలో ఉన్నట్లు పటం చెబుతుంది. ఆ ఊరివారెవరూ దానిని నమ్మరు. దూరాన ఉన్న అధికారి మాత్రం నమ్మవచ్చు.

పైగా 2011 జనగణనలో ఖరగ్‌పూర్ రైల్వే స్థావరాన్ని మునిసిపాలిటీ నుంచి వేరుగా, ఒక పట్టణంగా లెక్కించారు. ‘ఖరగ్‌పూర్’ అని ఒక్క మాట రాసిన పటంలో రైల్వే పేటల తెలుగువారు లెక్కలో ఉన్నారా లేరా అన్నది తెలియదు. సూచిక కింద చిన్న అక్షరాలలోనైనా ఆ సంగతి చెప్పవలసి ఉంటుంది. వివరాలు లేని ప్రాంతాన్ని లేత బూడిద రంగులో వదిలేయడం కూడా ప్రమాదమే, ఎందుకంటే చాలా రంగుల వరుసలలో లేత బూడిద అంటే రెండూ తక్కువ అని అర్థం. అటువంటి ప్రాంతాన్ని ఏటవాలు గీతలతో నింపి, చదరానికి బయట వేరే గడి పెట్టి, ‘వివరాలు ప్రచురితం కాలేదు’ అని రాయాలి. పదో గడి అన్నమాట. రెండు లెక్కలలో ఒకటి ఉండి మరొకటి లేకపోయినా ఆ ప్రాంతం ఈ పదో గడికే చెందుతుంది.

తెలుగు అక్షరాల ఇబ్బంది

ఆంగ్ల పటాలకు రాసిన సలహాలు తెలుగు పటానికి యథాతథంగా పనికిరావు. తెలుగులో ‘ఎక్కువ’, ‘తక్కువ’ అన్న రెండు మాటలకు మొదటి అక్షరం తప్ప మిగతాదంతా ఒకటే. చిన్న అచ్చులో, తొంభై డిగ్రీలు తిప్పి రాసినప్పుడు, ఏది ఏదో గుర్తు పట్టడానికి కళ్ళు చిట్లించవలసిందే. రేడియోలో వినేటప్పుడు సైతం ఇదే తంటా. వార్తల వాచకంలో జాగ్రత్తగా పలికే ఈ జంటను సూచిక పెట్టెలో అంత అజాగ్రత్తగా వదిలేయడం న్యాయం కాదు. ఒక వైపు ‘తక్కువ’, మరొక వైపు ‘హెచ్చు’ అని రాయడం ఒక ఉపాయం. మాటల బదులు అంకెలే ఉంచి, బాణం పక్కన ‘పెరుగుతుంది’ అని రాయడం మరొకటి.

నిలువు అక్షం పేరును తిప్పి రాయడం సాఫ్ట్‌వేర్‌కు అలవాటు. తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు ఉంటాయి. వరుసకు ఆంగ్లం కన్నా ఎక్కువ ఎత్తు కావాలి. ఆంగ్లానికి సరిపోయే ఎత్తు ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులతో కలుస్తాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే సదుపాయాన్ని, ఒక అక్షరం కింద ఒక అక్షరం పేర్చే సదుపాయాన్ని తెలుగుకు వాడకపోవడమే మేలు. ‘అక్షరాస్యత’లోని ‘క్ష’, ‘స్య’ చెదిరిపోయే అవకాశం ఉన్నది. నిలువు అక్షం పేరును తిప్పకుండా, చదరానికి పైన ఎడమ వైపున అడ్డంగానే రెండు వరుసల్లో రాసి, కిందికి కాక పైకి చూపే బాణం పెడితే చదవడం సుఖంగా ఉంటుంది. చోటు కొంత పోతుంది, పోనివ్వవచ్చు. నోటో సాన్స్ తెలుగు, గౌతమి వంటి యూనికోడ్ ఖతులు వాడితే పటం ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు పోయినప్పుడు అక్షరాలు పెట్టెలుగా మారే బెడద తగ్గుతుంది.

కొన్ని సాఫ్ట్‌వేర్లు చదరాన్ని నలభై అయిదు డిగ్రీలు తిప్పి, వజ్రం ఆకారంలో నిలబెడతాయి. శిఖరాన రెండూ ఎక్కువ, అడుగున రెండూ తక్కువ, కుడి ఎడమల ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. రెండు లెక్కలలో ఏదీ ప్రధానం కాదని చెప్పడానికి ఇది మంచి ఆకారమే. అయితే అక్షాల పేర్లు ఏటవాలుగా పడతాయి. ఏటవాలు తెలుగు చదవడం కష్టం. వజ్రాన్నే వాడదలచినవారు అక్షాల పేర్లు మాని, నాలుగు కొనల వద్ద నాలుగు పూర్తి పదబంధాలు అడ్డంగా రాయడం మంచిది: ‘అక్షరాస్యత తక్కువ, స్త్రీల సంఖ్య హెచ్చు’ అన్నట్లు. నిజానికి చదరం వాడినా ఈ మూల మాటలు ఎంతో సాయపడతాయి. పాఠకుడు రంగును చూసి రెండు అక్షాల మీదికి కళ్ళు పరుగెత్తించి, రెండు తరగతులను మనసులో కలుపుకొనే శ్రమ తప్పుతుంది. తొమ్మిది గళ్ళకూ మాటలు రాయనక్కరలేదు. మూలలు తెలిస్తే మధ్యవి ఊహకు అందుతాయి.

బెంగాలీ, హిందీ, తెలుగు, ఆంగ్లం నాలుగూ చదివే పట్టణంలో నాలుగు భాషలనూ ఒకే సూచికలో ఇరికించాలన్న ఆశ కలగడం సహజం. స్టేషను బోర్డు మీద ఒక్క పేరే ఉంటుంది కనుక అక్కడ అది సాధ్యమైంది. సూచికలో అక్షాల పేర్లు, మూల మాటలు, హద్దులు కలిసి పది, పన్నెండు చోట్ల రాత ఉంటుంది. భాషకు ఒక ప్రతి తీయడమే దారి. హద్దు అంకెలు మాత్రం అన్ని ప్రతులలోనూ ఒకే రకం అంకెలలో ఉంటే ప్రతులను పోల్చుకోవచ్చు.

రంగు కనిపించనివారికి

రంగులను నమ్ముకొన్న రైల్వేకు రంగుల పరిమితి అందరికన్నా ముందే తెలిసింది. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా వద్ద రైళ్ళు ఢీకొన్న తర్వాత, ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త రంగుల ఉన్ని పోగులతో రైల్వే సిబ్బంది చూపును పరీక్షించే పద్ధతిని ప్రవేశపెట్టారు. జపానుకు చెందిన షినోబు ఇషిహారా చుక్కల పలకలు తర్వాత వచ్చాయి. నేటికీ అవి వాడుకలో ఉన్నాయి. భారత రైల్వే సిగ్నళ్ళలో మరొక వివేకం కూడా ఉన్నది. ఒక పసుపు దీపానికి ఒక అర్థం, రెండు పసుపు దీపాలకు వేరొక అర్థం. కొత్త సూచన కోసం మరో రంగు వెతకకుండా దీపాల సంఖ్యను మార్చారు.

పటానికీ ఇదే మార్గం పనికివస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ ఛాయలను వేరు చేయలేకపోవడం ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందిలో కనిపిస్తుంది. ఇతర జనసమూహాలలో ఆ పాళ్ళు తక్కువైనా లేకపోలేదు. అటువంటివారికి గులాబీ, ఆకుపచ్చ కలిసిన రంగుల వరుసలో కొన్ని గళ్ళు ఒకటే బూడిదగా కనిపించవచ్చు. సూచికలోని ప్రతి గడిలో ఒక చిన్న గుర్తు వేసి, అదే గుర్తును పటంలోని ప్రాంతం మీద కూడా వేస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఒక అక్షానికి క, చ, ట. మరొక అక్షానికి 1, 2, 3. అప్పుడు రెండూ తక్కువ ఉన్నది క1, రెండూ ఎక్కువ ఉన్నది ట3. అ, ఆ వంటి పోలిక ఉన్న అక్షరాలను తప్పించాలి. ఈ గుర్తులతో మరొక లాభం ఉన్నది. ప్రభుత్వ కార్యాలయాలలో పటం రంగుల్లో తయారై, నలుపు తెలుపు జిరాక్సులుగా చేతులు మారుతుంది. గులాబీ, నీలి ఆకుపచ్చ రెండూ అక్కడ ఇంచుమించు ఒకే బూడిద. జిరాక్సు మీద కూడా ట1 ట1గానే ఉంటుంది.

సూచిక బాగున్నదా లేదా అని తెలుసుకోవడానికి పటకారులకు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉన్నది. పటాన్ని చూడని వ్యక్తికి ఫోనులో సూచికను మాత్రమే చదివి వినిపించాలి. ‘శ్రీకాకుళం ఏ రంగులో ఉంటుంది’ అని కాక, ‘క3 అని రాసిన జిల్లా గురించి నీకేమి తెలిసింది’ అని అడగాలి. విన్నవారు ‘అక్కడ చదువుకొన్నవారు 65 శాతం కన్నా తక్కువ, స్త్రీలు పురుషుల కన్నా ఎక్కువ’ అని చెప్పగలిగితే సూచిక పని చేస్తున్నట్లే. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే అంధులకు ఆ పటం చేరేది కూడా ఈ మాటల ద్వారానే. పటాన్ని బొమ్మగా పేజీలో పెట్టేటప్పుడు ఆ మాటలను బొమ్మ వివరణలో కూడా చేర్చాలి.

క్యూజీఐఎస్‌లో ప్లగిన్ లేకుండా పనిచేసేవారు రెండు పొరలను ఒకదాని మీద ఒకటి పెట్టి, పై పొరకు గుణకార మిశ్రమం ఎంచుకొంటారు. పటం వస్తుంది గాని తొమ్మిది గళ్ళ సూచిక దానంతట అది రాదు. రెండు పొరలకు రెండు వేర్వేరు సూచికలు వస్తాయి. చదరాన్ని చేత్తో గీసుకోవాలి. అలా గీసేటప్పుడు రంగులను ఊహించి నింపకుండా, పటం మీద పడిన మిశ్రమ రంగునే ఎత్తి గడిలో వేయాలి. ఆర్క్‌జీఐఎస్ ప్రోలో సూచిక తానే వస్తుంది, మాటలను మార్చుకొనే వీలు కూడా ఉన్నది. బైస్కేల్‌లో అడ్డం, నిలువు అక్షాల పేర్లను పటకారుడే ఇవ్వాలి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తరగతులను మూడు మూళ్ళకు మించనీయకపోవడం క్షేమం. పదహారు గళ్ళతో అమెరికా పడిన పాట్లు ఎప్పుడో అచ్చులోకి ఎక్కాయి.

దేశంలో తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. కొత్త అంకెలు వచ్చినప్పుడు పాత పటం ఫైలులో పట్టిక మార్చి, మళ్ళీ గీయమనడం అందరూ చేసే పని. సమసంఖ్యా విభజన ఎంచుకొని ఉంటే యంత్రం హద్దులను నిశ్శబ్దంగా జరుపుతుంది. సూచికలోని ‘తక్కువ’, ‘ఎక్కువ’ అలాగే ఉంటాయి, వాటి అర్థం మారిపోతుంది. 2011 నాటి పటంతో పోల్చదలచినవారు పాత హద్దులనే చేత్తో స్థిరపరచి, సూచిక శీర్షికలో జనగణన సంవత్సరాన్ని కూడా రాయవలసి ఉంటుంది. ఖరగ్‌పూర్ పటానికైతే 10 శాతం గీత ఎటూ కదలకూడదు.